సన్న గేటు

విత్తనాల కంపెనీ ఫిర్యాదుల ఆఫీసులో ఉద్యోగుల అలసటను సాయంత్రం పూట భుజాల మీది నుంచి దించి గోడౌనులో భద్రపరిచే పద్ధతి ఉగాది వెళ్లిన మరుసటి సోమవారం నుంచి అమల్లోకి వచ్చింది. నంద్యాల జనానికి ఇందులో వింతేమీ కనబడలేదు. గుడి ముందర చెప్పులు విడిచి టోకెను పుచ్చుకునే అలవాటున్నవాళ్లకు ఇదొక లెక్కా?

ఆఫీసు ఊరి బయట, బైపాసు పక్కన. ముందు హాలు, వెనక గోడౌను. హాలులో వరసగా కూర్చున్నవాళ్లు హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని రైతుల ఫోన్లు ఎత్తుతారు. గింజ మొలవలేదని ఒకరు, మొలిచింది గానీ పూత లేదని ఒకరు, పూసింది గానీ కాయ నిలవలేదని ఇంకొకరు. అందరికీ చెప్పవలసిన మాట ఒకటే. "అర్థమైందండి, మీ ఫిర్యాదు నమోదు చేసుకున్నాం." అంతకు మించి చెప్పే అధికారం ఆ హాలులో ఎవరికీ లేదు. వినడానికి ఖర్చేముంది, చెవులు దేవుడిచ్చినవే కదా అనుకుంటారు చూసేవాళ్లు. కానీ ఏమీ చెయ్యలేని మనిషి పొద్దంతా ఇంకొకరి గోడు వింటే అది చెవిలో ఆగదు. మెడ మీదికి దిగుతుంది, అక్కణ్ణించి భుజాలకు పాకుతుంది, సాయంత్రానికి నానిన బరువై కూర్చుంటుంది. ఆ బరువుతో కొందరు ఉద్యోగం మానేశారు, కొందరు మరుగుదొడ్డిలో గొళ్లెం పెట్టుకుని ఏడ్చారు. ఒక సోమవారం కుర్చీలు సగం ఖాళీగా కనబడ్డాక, మనుషుల ప్రవర్తనను శాస్త్రంగా చదువుకున్న ప్రణతి మేడంను హైదరాబాదు ఆఫీసు ఇక్కడికి పంపింది.

ఫోన్లు తగ్గించడం, మనుషులను పెంచడం మేడం సబ్జెక్టు కాదు. ఆ సంగతి ఆమె మొదటి రోజే నవ్వుతూ చెప్పింది. "మనిషికి ఇది చెయ్యి అని చెబితే చెయ్యడు. చెప్పకూడదు. వాడు నడిచే దారిని కొంచెం మార్చాలి. మిగతాది వాడే చేసుకుంటాడు." అన్నట్టే దారి మార్చింది. కుర్చీల దగ్గర్నుంచి గోడౌను కిటికీ దాకా నేల మీద పచ్చ రంగుతో అడుగులు వేయించింది. బయటికి వెళ్లే గేటును సన్నం చేయించింది. అలసటతో ఉన్న మనిషి ఆ గేటులో నిటారుగా పట్టడు, అడ్డం తిరిగినా పట్టడు. దించినవాడు గాలిలా వెళ్లిపోతాడు. బలవంతమేమీ లేదు. దించడం ఇష్టం లేనివాళ్లు లోపలే ఉండిపోవచ్చని సర్క్యులర్‌లో స్పష్టంగా రాశారు.

దించే పని దస్తగిరికి అప్పగించారు. అతను అదే గోడౌనులో హమాలీ. బస్తాలకు వేసే కొక్కేన్నే మెడ వెనక నెమ్మదిగా తగిలించి, ఒక్క గుంజు గుంజితే అలసట ఊడి వచ్చేది. ఒక్కొక్కరిది ఒక్కో తీరు. కంబగిరి అని పక్క సీటు కుర్రవాడిది పీచుతో సహా ముద్ద కట్టిన చింతపండులా ఉండేది. ఈ కథలో మనకు కావలసిన మద్దిలేటిది వానకు తడిసిన గొంగడి. అలాగే బరువు, అలాగే ముక్క వాసన. దస్తగిరి దాన్ని కాటా మీద వేసి, టోకెను చేతిలో పెట్టి, అరలో మడిచి పెట్టేవాడు. మర్నాడు పొద్దున బోర్డు మీద ఎవరి పేరు కింద వాళ్లకు ఒక వాక్యం కనబడేది. "మీ పక్క సీటువారు నిన్న మీకన్నా ఎక్కువ అలసట జమ చేశారు." తిట్టింది లేదు, కొట్టింది లేదు. ఆ ఒక్క వాక్యానికే జనం భోజనం కూడా కుర్చీలోనే కానిచ్చి, ఇంకో రెండు ఫోన్లు ఎక్కువ ఎత్తారు.

"ఏం మద్దిలేటన్నా, ఈ పొద్దు తేలిగ్గ తూగుతాందే. పని జేసినావా, కునుకు తీసినావా?" అనేవాడు దస్తగిరి.

"నా సరుకులో నీళ్లుండవప్పా. కంబగిరిది పిండి సూడు, సగం నీళ్లే."

"నన్నెందుకన్నా మద్దెలో లాగుతావు? బోర్డు జెప్తాంది గదా ఎవురెంత జేసినారో" అనేవాడు కంబగిరి, సన్న గేటులోంచి ఈల వేసుకుంటూ వెళ్తూ.

మొదటి సాయంత్రం మద్దిలేటి ఇంటికి ఉరుకుతూ వెళ్లాడు. కారుతున్న కొళాయి బాగు చేశాడు, మంచం నులక బిగించాడు, భార్య సుంకులమ్మ చేతిలోంచి చాట లాక్కుని బియ్యంలో రాళ్లేరాడు. "పెండ్లైన కొత్తలో గూడ ఇంత ఉశారు లేదే నీకు. ఏం తాపినారయ్యా మీ కంపెనీలో?" అని ఆమె మురిసిపోయింది. ఆ మురిపెం వారం నిలవలేదు. మద్దిలేటికి నిద్ర రావడం మానేసింది. నిద్ర అలసట మీద మొలిచేది. నేలనే ఎత్తుకుపోయి గోడౌనులో పెడితే గింజ ఎక్కడ పడుతుంది? కళ్లు మూస్తే రెప్పలు వాటంతటవే తెరుచుకునేవి. కూర్చుంటే మోకాళ్లు ఆడేవి. నిలబడితే కాళ్లు నడవమనేవి. ఇంట్లో పని అయిపోయాక గోడలకు సున్నం కొట్టాడు, అది ఆరాక మళ్లీ కొట్టాడు. పక్కింటివాళ్ల గేదెను వాళ్లను అడక్కుండానే తోమాడు. గేదె రెండుసార్లు ఓర్చుకుని మూడోసారి తన్నింది.

"నువ్వు అట్ల గుడ్లు తెరుసుకోని కూసోనుంటే నాకు యాడ పడుతుంది నిద్ర?" అంది సుంకులమ్మ. ఆమె కళ్ల కింద నలుపు దిగింది. "నీది నువ్వు అడిగి తెచ్చుకోపో. దాసిపెట్టమన్యాము గానీ తినేయమన్యామా?"

నిద్ర పోయింది ఒక్క మద్దిలేటికే కాదు, హాలు మొత్తానికి. ఈ సంగతి నివేదికలో చేరినప్పుడు ప్రణతి మేడం బాధపడలేదు. ఉద్యోగికి పని మీద ఉండే మమకారాన్ని కొలవడానికి కంపెనీ దగ్గర ఒక సూచిక ఉంది. ఆ మమకారానికి ఇన్నాళ్లూ పెద్ద పోటీదారు నిద్రేనని ఇప్పుడు తేలింది. ఎవరూ రమ్మనకపోయినా జనం తెల్లవారకముందే వచ్చి హాలు తాళం తీసేవరకు మెట్ల మీద అటూ ఇటూ తిరుగుతున్నారు. సెలవు అడిగేవాళ్లు లేరు. ఏడ్చేవాళ్లూ లేరు. మరుగుదొడ్డి గొళ్లేలు తుప్పు పట్టాయి. మమకార సూచిక ఏ కొలతకూ అందనంత పైకి లేచింది.

మద్దిలేటి మేడం గదికి వెళ్లి నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేకపోయాడు.

"నా అలసట నాకు ఇప్పించండి మేడం. ఒక్క రాత్రికి చాలు. తెల్లారి తెచ్చి మళ్లీ దస్తగిరి చేతిలో పెడతా."

"తప్పకుండా" అంది మేడం. "అది మీ సొత్తే మద్దిలేటి గారూ. మేము భద్రంగా ఉంచాం, అంతే. టోకెను చూపించి తీసుకోండి, ఇంటికి వెళ్లండి."

"గేటు పట్టదు గదా మేడం."

"గేటు అందరికీ ఒకటే కదండీ. తీసుకుని లోపల ఉంటారా, వదిలేసి బయటికి వెళ్తారా అన్నది పూర్తిగా మీ ఎంపిక. మీ ఎంపికను మేము గౌరవిస్తాం."

ఆ సాయంత్రం అతను తన గొంగడిని వీపున వేసుకుని గేటులో దూరాడు. సగం దాకా వెళ్లి ఇరుక్కున్నాడు. దస్తగిరి వెనక నుంచి తోశాడు, కంబగిరి ముందు నుంచి గుంజాడు. వెనక నిలబడ్డ హాలు మొత్తం విసుక్కోకుండా, కాళ్లు ఆడించుకుంటూ చూసింది. చివరికి వెనక్కి లాగి, భుజాల మీది నుంచి దించి, మళ్లీ టోకెను ఇచ్చారు. ఇరుక్కున్న ఆ కాసేపట్లో మాత్రం మద్దిలేటికి ఒక ఆవులింత వచ్చింది. అంత తియ్యటి ఆవులింత తన జన్మలో ఎరగడు. ఆ రుచి నాలుక మీదే ఉండిపోయి, అతన్ని ఇంకా నిలవనీయకుండా చేసింది.

ఇంకో దారి ఉందని అతనికి తొలకరి ముందర తోచింది. గోడౌను వెనక తలుపు లారీలు వచ్చేంత వెడల్పు. అందులోంచి ఎత్తుకుపోతే అడిగేదెవరు? భోజనాల వేళ వెనక నుంచి లోపలికి వెళ్లి చూస్తే అరలు ఖాళీగా ఉన్నాయి. నేల మీద తడి మరకలు మాత్రం ఉన్నాయి.

"యాడప్పా మావన్నీ?"

దస్తగిరి కొక్కేన్ని లుంగీకి తుడుచుకున్నాడు. "విత్తనం బస్తాలకు తావు సాలక ఖాలీ చేయమన్యారన్నా. లారీలు ఎట్లాగూ పల్లెలకు పోతాండాయి. బస్తాకొకటి ఉచితం అని రాసి పంపినారు. నువ్వేం దిగులు పడాకు. నీది పరాయోళ్ల పాలు కాలేదు. మీ మిట్టపల్లె లారీలోనే ఏసినా, మీ అన్న పేరు గల్ల బస్తా మిందనే. మనోళ్ల సరుకు మనింట్లోనే ఉంటుందని."

దస్తగిరి మంచి మనిషి. ఊళ్లో పెళ్లికి కూడా మిగిలిన లడ్లు ఎవరింటివి వాళ్లింటికే చేరేలా చూస్తాడు.

లారీలు వెళ్లిన తర్వాత హాలులో ఫోన్లు మోగడం తగ్గింది. మొదట తెరిపి అనుకున్నారు. తర్వాత పూటకు ఒకటి రెండు మోగితే గొప్ప అయింది. ఫిర్యాదులు లేవంటే రైతులకు తృప్తి కలిగినట్టేనని హైదరాబాదు ఆఫీసు అర్థం చేసుకుంది. ఉద్యోగి ఉత్సాహంగా ఉంటే ఆ ఉత్సాహం ఫోను తీగలోంచి రైతుకు పాకుతుందని ప్రణతి మేడం ఒక వ్యాసం రాసింది. ఆమెకు శాలువా కప్పారు. చప్పట్లు మొదలుపెట్టిన చేతులు ఎంతసేపటికీ ఆగకపోతే, దస్తగిరి వెళ్లి ఒక్కొక్కరి చేతులు పట్టుకుని ఆపాడు.

ఆదివారం పొద్దున బస్సెక్కి మద్దిలేటి మిట్టపల్లెలో దిగాడు. ఎండ చురుక్కుమంటున్నా వీధిలో మనిషి అలికిడి లేదు. అరుగుల మీద, బండ్ల కింద, ఎక్కడివాళ్లక్కడ పడి నిద్రపోతున్నారు. అన్న పుల్లన్న చేను దారిలోనే ఉంది. వేరుశనగ వేసిన సాళ్లు దువ్విన తలలా నున్నగా ఉన్నాయి. మొలక లేదు. ఒకచోట గుంట తవ్వి చూస్తే గింజ నల్లబడి వేలి కింద నలిగిపోయింది.

పుల్లన్న పందిరి కింద మంచం మీద మందపాటి పరుపు పరుచుకుని వెల్లకిలా పడుకుని ఉన్నాడు. రొమ్ము మీద తడి గొంగడి. వదిన నరసమ్మ గడపకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె కొంగుకు చింతపండు ముద్దలాంటిదొకటి కట్టి ఉంది. అది కంబగిరిదని మద్దిలేటికి చూడగానే తెలిసింది.

"అన్నా, అది నాది."

"ఏదిరా?"

"నీ మింద ఉండేది."

పుల్లన్న తల ఎత్తకుండా చేత్తో తడిమాడు. "ఇదా. బస్తాతో ఇచ్చినార్లే. ఉట్టిగ వచ్చేదాన్ని ఎందుకు ఇడసల్ల? సలికాలానికి పనికొస్తుంది గదా అని తెచ్చుకుంటి. విత్తనం ఏసినాక ఎట్లుందో సూద్దామని కప్పుకుంటి. మళ్ల లెయ్యబుద్ది కాలే."

"చేన్లో మొలకే లేదు గదన్నా."

"లేదు."

"మరి కంపెనీకి ఫోను జేయకపోతివా?"

"చేద్దామనే ఉంటి. పోను ఇట్ల ఎత్తుతాండానా, సెయ్యి అట్ల పడిపోతాంది. అయినా ఎవురు వింటారులే అని ఊరకైతి."

"వినేది నేనే గదన్నా."

పుల్లన్న ఒక కన్ను తెరిచాడు. "నీకు జెప్తే ఏం జేస్తావు?"

మద్దిలేటి ఆలోచించాడు. నిజం తప్ప ఇంకొకటి తోచలేదు. "నమోదు జేసుకుంటా."

పుల్లన్న ఆ కన్ను కూడా మూసుకున్నాడు.

మద్దిలేటి గొంగడి అంచు పట్టుకున్నాడు. ఈసారి అన్న చెయ్యి దాని మీద పడింది. "ఊరక ఎట్ల ఇస్తారా? ఇన్నాళ్లు నీది నేను మోస్తి. ఒక్క పొద్దు నాది నువ్వు మొయ్యి. బదులుకు బదులు." ఆ పల్లెలో కలుపులకైనా, కోతలకైనా అదే న్యాయం. ఇవాళ నువ్వు నా చేన్లోకి వస్తే, రేపు నేను నీ చేన్లోకి వస్తాను. అడక్కుండా చెల్లించే బాకీ అది. మద్దిలేటి సరే అన్నాడు. గోడౌనూ కొక్కెమూ లేకుండానే పుల్లన్న పక్కకు ఒత్తిగిల్లి తనది కిందికి జార్చాడు. అప్పటిదాకా మద్దిలేటి పరుపు అనుకున్నది పరుపు కాదు. అది అన్న అలసట. నల్లరేగడి రంగులో, పొర మీద పొరగా ఉంది. అడుగు పొరలు పుల్లన్నవి కూడా కావు. నాయనవి. అంతకు కిందివి నాయన కూడా ఎవరివో చెప్పగలిగేవాడు కాదు.

మద్దిలేటి కండువా నడుముకు చుట్టి, రెండు చేతులతో ఒక మూల పట్టి లేపాడు. మూల లేవలేదు. దాని కింద మోకు దూర్చి గుంజాడు. మోకు తెగింది. కనీసం తనదైనా విడిగా లాక్కుందామంటే, తడి గొంగడి అన్న అలసటతో పెనవేసుకుపోయి, లాగిన కొద్దీ అన్న మూలుగుతున్నాడు. రెండూ కలిపి మోస్తే గానీ ఒకటి దక్కదు.

"ఇడసరా. నీకు సదువుకున్న భుజాలు. సంగటి ఉంటే తిని పో" అన్నాడు పుల్లన్న. ఆ మాటలో ఎగతాళి లేదు, ఓపిక లేదు. నరసమ్మ లేవబోయి, కొంగు బరువుకు మళ్లీ అక్కడే కూలబడి, "తట్టలో ఉంది, పెట్టుకోని తిను మద్దిలేటీ" అంది కళ్లు తెరవకుండా. అతను నిలబడే తిన్నాడు. అన్న పక్కన నేల మీద పడుకుని ఆ నల్లటి అంచును తల కింద పెట్టుకుని చూశాడు. అలసట మోసినవాళ్లనే పడుకోబెడుతుంది, తల ఆనించినవాళ్లను కాదు. ఊరంతా గురకలు పెడుతుంటే అతని కాళ్లు మాత్రం దుమ్ములో కదులుతూనే ఉన్నాయి.

బస్సులో కిటికీ పక్కన నిలబడి వస్తూ ఉండగా అతనికి ఒక నిబంధన గుర్తొచ్చింది. రైతు ఫిర్యాదు చేస్తే కంపెనీ బస్తాను వెనక్కి తెప్పించుకుంటుంది. బస్తాతో ఉచితంగా ఇచ్చినదాన్నీ తెప్పించుకుంటుంది. అన్న నోటి నుంచి మొలవలేదనే ఒక్క మాట వస్తే చాలు. లారీ వెళ్తుంది, హమాలీలు వెళ్తారు, కొక్కేలు వెళ్తాయి. పెనవేసుకున్నదాన్ని విడదీసే తంటా వాళ్లే పడతారు. తనది తన గోడౌనుకు వస్తుంది. ఇక అక్కడే, గోడౌనులోనే, దాని మీద పడి నిద్రపోతాడు. గేటు సంగతి తర్వాత. మర్నాడు ఆఫీసులో అన్న పేరున ఫిర్యాదు తనే రాయాలని చూస్తే కంప్యూటరు ఒప్పుకోలేదు. రైతు గొంతే కావాలంది.

గొంతు వినే సందర్భం కంపెనీయే కల్పించింది. ఫోన్లు రాని హాలులో ఉద్యోగులు కుర్చీల చుట్టూ గిరగిరా తిరుగుతున్నారు కాబట్టి, ఇక నుంచి వాళ్లే రైతులకు ఫోను చేసి పలకరించాలని మేడం నిర్ణయించింది. అడగవలసిన ప్రశ్న ఒకటి. "మా విత్తనాలతో మీరు తృప్తిగా ఉన్నారా?" రైతుకు శ్రమ కలగకూడదు కాబట్టి, అవుననే జవాబును ముందే నింపి పెట్టారు. కాదనదలచుకున్న రైతు నోరు తెరిచి, కారణంతో సహా చెప్పాలి. ఊ అన్నా, ఊరకున్నా అవునన్నట్టే.

మద్దిలేటి ముందుగా అన్న నంబరే నొక్కాడు. చాలాసేపు మోగింది. ఎవరో నిద్రలో బటను నొక్కిన చప్పుడైంది.

"అన్నా, నేను మద్దిలేటిని. మా విత్తనాలతో నువ్వు తృప్తిగా ఉండావా?"

"ఊ."

"ఊ అనాకన్నా. మొలవలేదు అను. ఒక్క మాట అను, లారీ పంపుతారు."

"ఊ."

"అన్నా, మొలక లేదు గదా చేన్లో. నేను సూసినా గదా. నువ్వు చెప్పల్ల. నేను చెప్తే పనికి రాదంట."

అవతల గొంతు కదిలింది. మాటకు ఊపిరి తీసుకున్నట్టే తీసుకుంది. మద్దిలేటి కుర్చీ అంచుకు జరిగాడు. ఆ ఊపిరి అలాగే చల్లగా, నిదానంగా, గురకలోకి దిగిపోయింది.

పక్క సీటులో కంబగిరి మోకాళ్లు ఆడిస్తూ ఇటు తిరిగాడు. "మీ అన్న మంచోడన్నా. ఎన్నిసార్లు అడిగినా కాదనడే. మా పక్క రైతులు సగం మంది ఊ గూడ అనరు."

మద్దిలేటి ఫోను పెట్టెయ్యలేదు. ఆ గురక అన్న గొంతులోంచి వస్తున్నా, దాని లోపలి నిద్ర తనదని అతనికి తెలుసు. దానిలో పొద్దుగూకులూ తను విన్న గోడు అంతా ఉంది. మొలవనివి, పూయనివి, నిలవనివి. అవన్నీ అక్కడ హాయిగా పడుకున్నాయి. విని విని అతని రెప్పలు ఒక్క క్షణం బరువెక్కినట్టయ్యాయి. అంతలో తెర మీద పచ్చ గుర్తు పడింది. మిట్టపల్లె, పుల్లన్న, తృప్తి. వెనక నుంచి మేడం చెయ్యి మెత్తగా అతని భుజం మీద పడి, ఆ భుజం ఎంత తేలిగ్గా ఉందో చూసుకుని, ముందుకు సాగింది.

లైను తెగి, తర్వాతి నంబరు దానంతటదే కలిసింది. మద్దిలేటి గొంతు సవరించుకున్నాడు, ప్రశ్న అడగడానికి నోరు తెరిచాడు. అతను అడగకముందే అవతల ఎవరో ఊ అన్నారు.